జ్వరపటము పుట్టిన కథ

ఆస్పత్రిలో రోగి మంచము చెంత ఒక కాగితము ఉండుట మనలో చాలమంది చూచియే ఉందురు. అందు రోగి శరీరోష్ణత, నాడి వేగము, శ్వాస వేగము, రక్తపుపోటు వేళల వారీగా వ్రాయబడి ఉండును. నర్సులు చేయు పనులలో ఇది అతి సామాన్యమైనదిగా తోచును. కాని ఉష్ణతను కొలుచు సాధనము పుట్టిన తరువాత, దానికి రోగి పడక వద్ద స్థిరమైన చోటు దొరకుటకు ఇంచుమించు రెండున్నర శతాబ్దములు పట్టినది. ఇంత ఆలస్యమేల?

ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయమున వైద్యాచార్యుడైన శాంతోరియో 1612లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి సాధనమును ప్రస్తావించెను. అది పైకొనను బుడ్డి గల పొడవైన గాజుగొట్టము. క్రిందికొన నీటిలో మునిగి ఉండును. రోగి బుడ్డిని నోట ఉంచుకొనగా లోపలి గాలి వ్యాకోచించి, గొట్టములోని నీటిని క్రిందికి నెట్టును. ప్రక్కనున్న గుర్తులను బట్టి వేడిని అంకెలలో చెప్పవచ్చును. అయితే వాతావరణ పీడనము మారినప్పుడు కూడ ఆ నీటిమట్టము మారెడిది.

ఈ లోపము క్రమముగా తొలగినది. 1707లో ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లాయర్, సరిగా ఒక నిమిషము నడచు గడియారముతో నాడిని లెక్కించు పద్ధతిని వివరించెను. 1714లో ఫారెన్‌హీటు నమ్మదగిన పాదరసపు థర్మామీటరును తయారుచేసెను. సాధనములు సిద్ధమైనవి; వాని అవసరమును మాత్రము వైద్యులు గుర్తింపలేదు. నుదుట చేయి వేసి చూచినచో జ్వరము తెలియదా అని వారి భావము. నాడీపరీక్ష మనకును క్రొత్త కాదు. శార్ఙ్గధర సంహితలో అది వర్ణింపబడినది. కాని అందు ముఖ్యమైనది నాడి నడక తీరు. నిమిషమునకు ఎన్నిసార్లు అను లెక్క కాదు.

చేతి స్పర్శ మోసగించునని పదునెనిమిదవ శతాబ్దమున వియన్నాలో డి హాన్ అను వైద్యుడు చూపెను. మలేరియా రోగి చలితో వణకుచుండగా థర్మామీటరు పెట్టినచో, శరీరపు లోపలి వేడి పెరుగుచున్నట్లు తేలినది! చర్మములోని రక్తనాళములు ముడుచుకొనుటచే వేడి బయటికి పోదు. అందుచే చర్మము చల్లబడును, లోపల మాత్రము జ్వరము హెచ్చును.

అయినను ఈ పద్ధతికి స్థిరమైన పునాది వేసినవాడు జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున పనిచేసిన వుండర్లిక్. సుమారు 25,000 మంది రోగుల ఉష్ణతలను పరిశీలించి, 1868లో ఆయన ఒక మహాగ్రంథమును ప్రకటించెను. జ్వరము ఒక వ్యాధి కాదనియు, వ్యాధి యొక్క లక్షణమనియు ఆయన నిరూపించెను. ఒక్క కొలత చెప్పునది స్వల్పము. వరుసగా తీసిన కొలతలను గీతగా గీచినచో వ్యాధి నడక కంటికి కట్టును. టైఫాయిడులో మొదటివారము ఉష్ణత మెట్లెక్కినట్లు పెరుగును. మలేరియాలో వచ్చుచు పోవుచుండును.

ఆ కాలపు థర్మామీటరు ఇంచుమించు అడుగు పొడవుండి, చంకలో 15 నుండి 20 నిమిషములు ఉంచవలసి వచ్చెడిది. ఇరువదిమంది రోగులున్న వార్డులో ఒక్క దఫా కొలుచుటకే కనీసము 5 గంటలు! 1866-67 ప్రాంతమున ఇంగ్లండులోని లీడ్స్ వైద్యుడు ఆల్బట్, ఆరంగుళముల పొడవుతో, 5 నిమిషములలో పని ముగించు థర్మామీటరును రూపొందించెను. దీనితో కొలతలు నర్సుల దినచర్యలో చేరుటకు దారి సుగమమైనది. 1896లో రివా రోచి చేతిపట్టీ సాధనము, 1905లో కొరొట్కాఫ్ స్టెతస్కోపుతో వినుపద్ధతి వెలువడగా, రక్తపుపోటు కూడ ఈ కాగితము మీదికి ఎక్కినది.

వేళను వ్రాయని అంకె సగము సత్యమే. ఆరోగ్యవంతుని ఉష్ణత కూడ తెల్లవారుజామున తక్కువగను, సాయంకాలము ఎక్కువగను ఉండును. వుండర్లిక్ సగటు 37 డిగ్రీల సెంటిగ్రేడు అనెను. 1992లో అమెరికాలో 148 మంది ఆరోగ్యవంతులకు నోటిలో తీసిన కొలతల సగటు 36.8 డిగ్రీలు. కావున ఏ వేళకు, ఏ స్థానమున కొలిచిరో వ్రాయవలెను. చూచిన వెంటనే వ్రాయవలెను.

2013 నాటి మినమాటా ఒడంబడిక అనంతరము పాదరసపు థర్మామీటర్లు తొలగిపోవుచు, ఎలక్ట్రానిక్ సాధనములు వాని స్థానమును ఆక్రమించుచున్నవి. 2012లో బ్రిటనులో, ఈ కొలతలకు మార్కులు వేసి కూడి, రోగి స్థితి విషమించుటను ముందుగా పసిగట్టు పద్ధతి ప్రవేశపెట్టబడినది. ఆ మార్కులకును ఆధారము నర్సు చేతి లెక్కయే. ముఖ్యముగా శ్వాసను రోగి ఎరుగకుండ నిండు నిమిషము లెక్కింపవలెను. ఎరిగినచో అతడు ఊపిరి తీరునే మార్చుకొనును. లెక్కింపక ఊహించి వ్రాసిన అంకె, రానున్న ప్రమాదమును కప్పిపుచ్చును.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ ప్రయోగము చేయించవచ్చును. ప్రతి విద్యార్థియు వారము దినములు ఉదయము, సాయంకాలము తన నాడిని నిండు నిమిషము లెక్కించి గ్రాఫు కాగితముపై గుర్తింపవలెను. ఒక్క చుక్కకును, పదునాలుగు చుక్కలను కలిపిన గీతకును గల భేదము వారికే బోధపడును.