తేని సీమ తెలుగింటి వరుసలు

పడమటి కనుమల నీడలో, వైగై నది పుట్టిన కొండల చెంత నెలకొన్నది తేని సీమ. 1996వ సంవత్సరమున మదుర జిల్లానుండి విడివడి ప్రత్యేక జిల్లాయైన యీ ప్రాంతమున బోడినాయకనూరు, ఆండిపట్టి, పెరియకుళము, కంబము మున్నగు పట్టణములును, వాని చుట్టునున్న పల్లెలును మనవారికి తరతరముల నివాసములు. వీథిలో తమిళము మాటలాడి, గడప దాటి లోనికి వచ్చినంతనే తెలుగు మాటలాడు కుటుంబములు నేటికిని ఇచట గలవు. ఇన్ని తరములు వీరిని చెదరనీయక నిలిపిన బలమేది? ఆ బలము నేడెట్లున్నది? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే యీ చిన్న వ్యాసమున కుద్దేశము.

విజయనగర రాజకుమారుడగు కుమార కంపన సుమారు 1371లో మదురను జయించిన పిమ్మట తెలుగువారికి దక్షిణపు దారి తెరవబడినది. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మదురలో నాయకరాజ్యమును స్థాపించెను. అతడును, అతని దళవాయి అరియనాథ మొదలియారును దేశమును డెబ్బదిరెండు పాళెములుగా ఏర్పరచిరని ప్రసిద్ధి. బోడినాయకనూరు పాళెగాండ్రు రాజకంబళ తెగకు చెందిన తెలుగువారే. 1736లో నాయకరాజ్యము అంతరించెను. రాజ్యము పోయినను రైతు నేలను వీడలేదు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళమువారు మొదలగువారు నల్లరేగడి నేలలను సాగుచేసి, బావులు త్రవ్వి, ప్రత్తిని, సజ్జను, జొన్నను పండించిరి.

ఆ రాకను గూర్చి మన యిండ్లలో నొక కథ చెప్పుదురు. ఒక ప్రభువు తమ ఆడబిడ్డను బలవంతముగా కోరగా, మానము కొఱకు ఇల్లు వాకిలి విడిచి బయలుదేరిరట. దారిలో ఏఱు పొంగి అడ్డము రాగా, ఒడ్డులనున్న పొంగు చెట్లు తలలు వంచి వంతెనయై దాటించినవట. రాజకంబళమువారి యీ గాథను ఎడ్గర్ థర్‌స్టన్ దొర 1909లో ప్రకటించిన తన గ్రంథమున పొందుపఱచెను. ఇది చరిత్రయా, కల్పనయా యను వాదముకంటె దీని భావము ముఖ్యము. ఒక బిడ్డ కొఱకు ఊరంతయు కదలినదని యీ కథ చెప్పుచున్నది. కుటుంబమన్న మాటకు మన పూర్వులిచ్చిన అర్థమదియే.

కోవిల్‌పట్టి చెంత ఇడైచేవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) ఇట్టి వలస కథలనే తమిళమున నవలగా వ్రాసిరి. 'గోపల్ల గ్రామం' 1976లో వెలువడెను. దాని తరువాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తెలుగు అవ్వలు చెప్పుకొన్న కథ తమిళమున చిరస్థాయి యైనది. ఇది మనకు గర్వకారణము, హెచ్చరికయు. తమిళము మనకు పరాయిది కాదు. అది మన రెండవ తల్లి. కాని మన అవ్వ మాటను మనమే వ్రాసి పెట్టుకొనలేదన్న కొఱత మాత్రము మనదే.

ఇక వరుసల సంగతి. మేనమామ, మేనత్త, వదిన, మఱదలు, బావ, వియ్యంకుడు అను మాటలు వట్టి పిలుపులు కావు. ఒక్కొక్క మాట వెనుక నొక్కొక్క బాధ్యత యున్నది. చెవులు కుట్టునాడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చుండును. పెండ్లినాడు మేనమామ సారె రావలెను. కష్టము వచ్చిననాడు పుట్టింటి గడప తెఱచియుండును. 'వదిన' పోయి 'అణ్ణి' వచ్చినను నష్టము స్వల్పమే, ఏలయన ఆ మాటకును ఒక వరుస గలదు. కాని 'అంకుల్', 'ఆంటీ' అను రెండు మాటలలో చిన్నాయనయు, మేనమామయు, పొరుగింటాయనయు ఒక్కటైపోవుదురు. మాట కలిసిపోయినచోట బాధ్యతయు చెదరిపోవును.

అయినను పాతదంతయు మేలని చెప్పరాదు. మన వరుస మాటలలోనే మేనరికము దాగియున్నది. మామ యనగా మేనమామయు నగును, పిల్లనిచ్చిన మామయు నగును. దగ్గఱి రక్తసంబంధమున పెండ్లియాడిన దంపతుల సంతానమునకు కొన్ని వంశపారంపర్య వ్యాధుల భయము హెచ్చని నేటి వైద్యశాస్త్రము తేల్చినది. ఉమ్మడి కుటుంబము పేర కోడండ్రు మోసిన బరువును కూడ మఱువరాదు. కావున వరుసలోని ప్రేమను ఉంచుకొని నిర్బంధమును విడుచుట వివేకము. మేనమామ బిడ్డను పెండ్లాడకున్నను మేనమామ మేనమామయే.

ఆహారము కూడ కుటుంబ చరిత్రలో భాగమే. పూర్వము మెట్టనేలల యిండ్లలో సజ్జ సంకటి, రాగి అంబలి, జొన్న అన్నము నిత్యభోజనములు, వరియన్నము పండుగలకే. 1895లో పెన్నీక్విక్ దొర కట్టించిన ముల్లైపెరియారు ఆనకట్ట నీరు కొండ సొరంగము ద్వారా వైగై వైపు మఱలి కంబము లోయను పచ్చచేసెను. ఆ కృతజ్ఞతతో 2013లో లోయర్ క్యాంపున ఆయనకు స్మారక మందిరమును నిర్మించిరి. 1959లో ఆండిపట్టి చెంత వైగై ఆనకట్టయు వచ్చెను. కరవు తగ్గినది, ఇది గొప్ప మేలు. కాని వరి పెరిగినకొలది సజ్జయు, రాగియు వంటింటినుండి తొలగిపోయినవి. పొలమున వంగిన నడుములు కుర్చీలలో కుదురుకొన్నవి. భారతదేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహముతో నున్నారని 2023లో ప్రకటితమైన యొక విస్తృత పరిశోధన తెలిపినది. దీనికి అన్నమొక్కటే కారణము కాదు. శ్రమ తగ్గుటయు, కలత హెచ్చుటయు కారణములే. నూఱు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల వత్సరముగా ప్రకటించెను. అవ్వ వండినదానినే నేడు లోకము మెచ్చుచున్నది. అయితే చిరుధాన్యము మందు కాదు; మితము తప్పిన సంకటియు చేటే, వైద్యుని మాట మానరాదు.

మనస్సు మాటయు నట్లే. 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదనియు, దేహము, మనస్సు, సంఘజీవనము మూడును బాగుగా నుండుటయనియు నిర్వచించినది. హార్వర్డు విశ్వవిద్యాలయము 1938లో ఆరంభించి నేటికిని సాగించుచున్న పరిశోధన, ఆప్తుల సఖ్యము గలవారు వార్ధక్యమున ఎక్కువ ఆరోగ్యముగా నుందురని చూపినది. రాజకంబళమువారు దేవదుందుభి మ్రోతకు వరుసగా నిలిచి ఆడు దేవరాట్టమును చూచినవారికి ఈ సత్యము తెలియకపోదు. అచట ఒక్కడు ఆడడు, అందఱును కలిసి ఆడుదురు. దేహమునకు వ్యాయామము, మనస్సునకు తోడు ఏకకాలమున లభించును.

నేడు మన బిడ్డలు చదువులకు, కొలువులకు కోయంబత్తూరు, చెన్నపట్టణము, విదేశములు చేరుచున్నారు. ఊరిలో పెద్దవారు మిగులుచున్నారు. ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధనకు రాజ్యాంగపు 350-ఎ అధికరణము 1956లో చేర్చబడినది. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చినది. బడిలో తెలుగు అరుదైన చోట ఇల్లే బడి. మనుమరాలికి తెలుగు రాకున్నచో, వయసు మీద పడి తన తొలిభాష తప్ప మఱేదియు నోట రాని అవ్వ ఎవరితో మాటలాడును? భాషానష్టమన్న పెద్దమాటకు ఇంటిలోని రూపము ఈ ఒంటరితనమే.

కావున ప్రతి కుటుంబమును ఒక నోటు పుస్తకము కొనవలెను. అందు ఇంటిపేరు, వచ్చిన ఊరు, మూడు నాలుగు తరముల పేర్లు, వరుసలు, అవ్వ వంటలు, పొలముల పేర్లు వ్రాయవలెను. ఎవరికి మధుమేహము, ఎవరికి గుండెజబ్బు ఏ వయసున వచ్చెనో అదియు వ్రాయవలెను. వైద్యుడు మొదట అడుగునది అదియే. తెలుగు లిపి రానివారు తమిళ లిపిలో వ్రాసినను దోషము లేదు. వ్రాయుట కొఱకు అవ్వచెంత కూర్చుండుటలోనే సగము ఫలము దక్కును. ఏఱు దాటించిన చెట్లు కథలోనివి కావచ్చును. ఒక తరమును మఱియొక తరమునకు దాటించు వంతెన మాత్రము మన చేతిలోనే యున్నది.