కరవు కూటికే

1950లు, 60లలో పేదపిల్లలు బక్కచిక్కిపోవడానికి పోషకాహార నిపుణుల్లో చాలామంది చెప్పిన కారణం ఒకటే: మాంసకృత్తుల లోటు. ముంచుకొస్తున్న ప్రొటీన్ సంక్షోభాన్ని ఎలా తప్పించాలో చెబుతూ 1968లో ఐక్యరాజ్యసమితి ఏకంగా ఒక నివేదికే వెలువరించింది. చేపల పొడి, సోయా పిండి సరే, ఆఖరికి ముడిచమురు మీద పెంచిన ఈస్టులోనూ ప్రొటీన్ వెతికారు. పేదవాడి ఆకలికి పెద్దవాళ్లు వెతికే మందు ఎప్పుడూ ఖరీదైనదే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మాత్రం ఊళ్లలో పిల్లలు ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో కొలిచి చూసింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన సంస్థ అది. పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ చేరింది. అప్పట్లో దాని సారథి డాక్టర్ సి. గోపాలన్. అన్నం, రొట్టె, పప్పు తినే పిల్లల తిండిలో మాంసకృత్తులు మరీ అంత తక్కువేం కాదని, అసలు తిండే చాలడం లేదని వాళ్ల లెక్కల్లో తేలింది. శక్తి చాలనప్పుడు ఒళ్లు ఆ కాసిన్ని మాంసకృత్తులనూ కాల్చేసుకుంటుంది. పొయ్యిలోకి పుల్లల్లేక ఇంటి దూలాలు విరిచి కాల్చుకున్నట్టే.

మాటతో ఆగలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఐదేళ్ల లోపు పిల్లలకు గోధుమపిండి, పంచదార, నూనె కలిపి చేసిన తీపి తినుబండారాన్ని 14 నెలల పాటు పెట్టారు. రోజుకు 310 కేలరీలు. మాంసకృత్తులు 3 గ్రాములే! అది తిన్న పిల్లలు తినని వాళ్లకంటే ఎత్తూ బరువూ బాగా పెరిగారు. 1973లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ మరుసటి ఏడాదే, ప్రొటీన్ల పేరిట జరిగినదంతా పెద్ద వైఫల్యమని లాన్సెట్ పత్రికలో మెక్‌లారెన్ అనే వైద్యుడు కుండబద్దలు కొట్టాడు.

ఆ సంస్థ నుంచే ‘హైదరాబాద్ మిక్స్’ వచ్చింది. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ గుళ్లు 10, బెల్లం 20. వేయించి, పొడికొట్టి, బెల్లం కలపడమే. 330 కేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు. ఏ పల్లెటూరి కిరాణా కొట్లోనూ దొరకని సరుకు ఇందులో ఒక్కటీ లేదు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ అదే.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) తల్లినీ బిడ్డనూ ఒక్క గడప దగ్గరికి తెచ్చింది. తిండి, టీకాలు, బరువు తూకం, ఆటపాటల చదువు అన్నీ అంగన్‌వాడీలోనే. ఇవాళ ఏడు నెలలు నిండిన పసివాళ్లకు తెలంగాణలో ఇస్తున్న రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్‌లోనూ వేయించిన గోధుమ, శనగపప్పు ఉంటాయి. వాటికి పాలపొడి, పంచదార, నూనె తోడయ్యాయి.

తల్లి సంగతి మాత్రం ప్యాకెట్‌తో తెగలేదు. గర్భిణికని ఇంటికి పంపిన పిండి అత్త, మామ, పెద్దపిల్లల మధ్య పంపకమైపోయేది. ఆమె వంతు అందరి తర్వాతే. అందుకే 2013 జనవరి 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమృతహస్తం పేరుతో అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి వడ్డించడం మొదలైంది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు, అక్కడే ఐరన్ మాత్ర. 2015 నుంచి తెలంగాణలో అది ఆరోగ్యలక్ష్మి అయింది. పేర్లు ప్రభుత్వాలతో మారతాయి, కంచంలో గుడ్డు మారకపోతే చాలు.

మీ ఇంట్లోనో, మీ అపార్ట్‌మెంట్‌లోనో పనిచేసే అమ్మాయి నెల తప్పిందని తెలిస్తే వెంటనే దగ్గర్లోని అంగన్‌వాడీ టీచర్ దగ్గర పేరు రాయించుకోమని చెప్పండి. కడుపు కనపడేదాకా ఆగనక్కర్లేదు.