పాటలో లేని వస్తువు: ‘నో న్యూక్స్’ (1979) ఆల్బమ్, మన ఉద్యమ గేయ విమర్శ

ఉద్యమ గేయాన్ని పరిశీలించేటప్పుడు మన విమర్శ సాధారణంగా పాట పాఠంతో మొదలై పాఠంతోనే ముగుస్తుంది. వస్తువు ఏమిటి, బాణీ ఏ జానపద రూపానిది, ప్రతీకలు ఏవి అన్న ప్రశ్నలకు సమాధానం దొరికితే పరిశీలన పూర్తయినట్లే భావిస్తాం. ఈ పద్ధతి ఎక్కడ సరిపోదో తెలుసుకోవడానికి ఒక అమెరికన్ రికార్డును ఉదాహరణగా తీసుకుంటున్నాను. తెలుగు శాఖ పత్రికలో దీని ప్రసక్తి ఎందుకన్న సందేహం సహజమే. అందుకు కారణం ఆ రికార్డులోనే ఉంది.

1979 మార్చి 28న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో రెండవ రియాక్టర్ గర్భం పాక్షికంగా కరిగిపోయింది. అణు కేంద్రంలో ప్రమాదమే ఇతివృత్తంగా తీసిన ‘ద చైనా సిండ్రోమ్’ చిత్రం అంతకు పన్నెండు రోజుల ముందే విడుదలైంది. కల్పన ముందు వచ్చి ఘటన వెనుక రావడంతో జనంలో భయం రెట్టింపయింది. ఆ ఏడాదే జాక్సన్ బ్రౌన్, గ్రాహం నాష్, బానీ రైట్, జాన్ హాల్ కలిసి ‘సురక్షిత శక్తి కోసం సంగీతకారుల ఐక్య సంస్థ’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక సంస్థను ఏర్పాటు చేశారు. ఆంగ్ల పొడి అక్షరాల్లో దాని పేరు ‘మ్యూజ్’. అణు విద్యుత్తును వ్యతిరేకించే బృందాలకు నిధులు సేకరించడం దాని లక్ష్యం. సెప్టెంబరు 19 నుంచి 23 వరకు న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఐదు రాత్రులు కచేరీలు జరిగాయి. 23న నగరం దక్షిణపు కొసన నదీతీరంలో జరిగిన బహిరంగ సభకు సుమారు రెండు లక్షల మంది హాజరయ్యారు. ఆ ఏడాది ముగిసేలోగానే ఈ కచేరీల పాటలు మూడు రికార్డుల సంపుటిగా అసైలమ్ కంపెనీ ద్వారా వెలువడ్డాయి. మరుసటి సంవత్సరం చలనచిత్రం వచ్చింది.

ఈ సంపుటిలో పాతిక పైచిలుకు పాటలున్నాయి. వాటిలో నేరుగా అణుశక్తిని గురించి మాట్లాడేవి వేళ్లమీద లెక్కించదగినవే. జాన్ హాల్ పాడిన ‘ప్లూటోనియం ఈజ్ ఫరెవర్’ ఒకటి. ఎండ, గాలి, నీటి నుంచి శక్తిని కోరి అణు విషాన్ని నిరాకరించే ‘పవర్’ మరొకటి. ఇది బృందగానం. మూడవది గిల్ స్కాట్ హెరన్ ‘వి ఆల్మోస్ట్ లాస్ట్ డెట్రాయిట్’. 1966 అక్టోబరు 5న మిషిగన్‌లోని ఫెర్మి కేంద్రంలో లోహపు రేకు ఒకటి ఊడి శీతలీకరణ మార్గానికి అడ్డుపడింది. దానివల్ల కొంత ఇంధనం కరిగింది. ఒక మహానగరానికి దాపున జరిగిన ఈ ప్రమాదం మీద జాన్ ఫుల్లర్ 1975లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకం పేరునే స్కాట్ హెరన్ తన పాటకు పెట్టుకొన్నాడు. ఒక సాంకేతిక వైఫల్యం గ్రంథంగానూ, గ్రంథం పాటగానూ, పాట సభగానూ మారిన క్రమం ఇది. వీటికి సిడ్నీ కార్టర్ రాసిన యుద్ధవ్యతిరేక జోలపాట ‘ద క్రో ఆన్ ద క్రేడిల్’ను చేర్చవచ్చు. అయితే అది బాంబు నీడలో పుట్టిన పాట, విద్యుత్ కేంద్రం గురించినది కాదు.

మిగిలినవాటిలో ఎక్కువ ప్రేమ పాటలు, నాట్యానికి పనికివచ్చే పాత హుషారు పాటలు. కార్లీ సైమన్, జేమ్స్ టేలర్ జంటగా పాడిన ‘మాకింగ్‌బర్డ్’కు అణు రియాక్టర్‌తో ఏ సంబంధమూ లేదు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాడిన ‘స్టే’ ప్రియురాలిని మరికాసేపు ఉండమని అడిగే 1960 నాటి పాట. పాఠమే ప్రమాణమైతే ఈ సంపుటిలో అధిక భాగం ఉద్యమ సాహిత్య పరిధిలోకి రాదు. కాని వేలమంది టికెట్టు కొని ఆ పాటలకు గొంతు కలిపింది అణు వ్యతిరేక సభలో. ఆ డబ్బు చేరినది అణు వ్యతిరేక బృందాలకు. ఇక్కడ వస్తువును సమకూర్చినది సందర్భం. స్టూడియో రికార్డులో ఉండని శ్రోతల కేకలు, చప్పట్లు లైవ్ రికార్డులో పాఠంలో భాగంగానే నిలిచాయి.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. ‘బండెనక బండి’ పాటనే చూడండి. నైజాం వ్యతిరేక సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టిన ఆ పాట 1980 మార్చిలో విడుదలైన ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ గొంతు ద్వారా కొత్త తరానికి చేరింది. ఆ తరువాత ప్రత్యేక రాష్ట్రోద్యమ సభల్లో మారుమోగింది. పాఠం ఒకటే, ఎదురుగా ఉన్న ప్రత్యర్థి మారాడు. మొదటి సందర్భంలో అది నవాబుకు హెచ్చరిక, చిత్రంలో చరిత్ర స్మరణ, రాష్ట్రోద్యమంలో సమకాలీన రాజకీయ ప్రకటన. మన గేయ సంకలనాల్లో మాత్రం అది ఒకే ఒక్కసారి, ఒకే కవి పేరు కింద, తేదీ లేని పాఠంగా అచ్చవుతుంది.

సహాయార్థ ప్రదర్శనకూ మనకు పూర్వరూపం ఉంది. 1943 బెంగాల్ కరువు కాలంలో ఇప్టా బృందాలు దేశమంతటా తిరిగి పాటతో, ఆటతో విరాళాలు కూడగట్టాయి. ప్రజానాట్యమండలి కళాకారుడు షేక్ నాజర్ బెంగాల్ కరువును బుర్రకథగా మలిచాడు. న్యూయార్క్ కచేరీలకూ దీనికీ భేదం స్పష్టం. నాజర్ కథలో ఆకలే వస్తువు, దాన్ని వినిపించడమే విరాళం అడగడం. అక్కడ ప్రసిద్ధ గాయకుల ఆకర్షణ ముందు, ఉద్దేశం వెనుక. మొదటి పద్ధతి సాహిత్యపరంగా బలమైనదని నా అభిప్రాయం. కాని సాక్ష్యాన్ని భద్రపరచడంలో రెండవదే మెరుగు. ఎవరు ఏ రాత్రి ఏమి పాడారో, జనం ఎక్కడ అరిచారో అక్కడ నేటికీ వినవచ్చు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఖమ్మాన్ని ఆనుకొని ఉన్న ఖానాపురం హవేలిలో. ఇక్కడి నుంచి కొత్తగూడెం మీదుగా ఈశాన్యంగా సాగితే అడవి మొదలవుతుంది. గోదావరి ఒడ్డున అశ్వాపురం వద్ద మణుగూరు భారజల కర్మాగారం 1991 నుంచి పనిచేస్తున్నది. నదీజలంలో అత్యల్పంగా ఉండే భారజలాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సహాయంతో వేరుచేసి అణు రియాక్టర్ల కోసం తయారు చేస్తారు. భారజలం తానుగా రేడియోధార్మికం కాదు. అక్కడ ప్రధాన ప్రమాదం ఆ విషవాయువుది. ఈ వివరం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అణువు అనగానే ఒకే పుట్టగొడుగు మేఘాన్ని గీసే పాట ఈ అడవి అంచు ప్రజల వాస్తవాన్ని అందుకోలేదు. స్కాట్ హెరన్ పాట బలం దాని నిర్దిష్టతలోనే ఉంది. అందులో ఒక ఊరు ఉంది, ఒక కేంద్రం ఉంది, ఒక రోజు ఉంది.

తెలుగు నేల మీద ఇటువంటి రోజులు తక్కువేమీ కావు. నాగార్జునసాగర్ జలాశయానికి చేరువలోని లంబాపురం, పెద్దగట్టు యురేనియం గనుల ప్రతిపాదనపై 2003 ఆగస్టు 19న బహిరంగ విచారణ జరిగింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని 2012లో ప్రారంభమైంది. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచుల ఊళ్ల నుంచి హైదరాబాదు దాకా నిరసన లేచింది. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానించింది. సరిగ్గా నలభై ఏళ్ల కిందట అదే వారంలో న్యూయార్క్ కచేరీలు మొదలయ్యాయి. ఇది కాకతాళీయమే, దీనికి అర్థం అంటగట్టనక్కరలేదు. అయితే ఇటువంటి సభల్లో డప్పు మీద వినిపించే పాటలను సేకరించే పరిశోధకుడు పాఠాన్ని మాత్రమే రాసుకొని వస్తే సగం పాటనే తెచ్చినట్లు. ఏ ఊరి చెట్టు కింద, ఏ పాట తరువాత, ఎవరి ప్రసంగానికి ముందు అది వచ్చిందో, కోరస్ ఎవరు అందుకొన్నారో నమోదు కావాలి. ప్రేమ పాటో, పెళ్లి పాటో, బతుకమ్మ బాణీయో ఆ వేదిక మీద వినిపిస్తే దాన్నీ వదలకూడదు.

అలాగని లైవ్ ఆల్బమ్‌ను నిర్వివాద సాక్ష్యంగా స్వీకరించడమూ పొరపాటే. ‘నో న్యూక్స్’ ఐదు రాత్రుల వరుస క్రమం కాదు, వాటి నుంచి ఏరి కూర్చినది. స్ప్రింగ్‌స్టీన్ సెప్టెంబరు 21, 22 తేదీల్లో పూర్తి కచేరీలు చేసినా సంపుటిలో ఆయన భాగానికి దక్కినది రెండు అంశాలే. ఆ రెండు రాత్రుల కచేరీ రికార్డుగా, చిత్రంగా 2021లో గాని వెలుగు చూడలేదు. ఇంకొక విశేషం కూడా చెప్పాలి. త్రీ మైల్ ఐలండ్ ఘటన జరిగిన కొద్ది రోజులకే, ఆ ఊళ్ల నుంచి కుటుంబంతో పారిపోయే మనిషి గొంతుతో ఆయన ‘రౌలెట్’ అనే పాట రాసి రికార్డు చేశాడు. ఆ గాయకుడి పాటల్లో అణు ప్రమాదం గురించి నేరుగా పుట్టినది అదే. అది 1988 దాకా విడుదల కాలేదు. 2021లో వెలువడిన ఆ కచేరీలోనూ అది లేదు. అణు వ్యతిరేక వేదిక మీద ఆయన దాన్ని పాడనే లేదు.