గ్రామీణ విద్యుత్ ఉపకేంద్రం

గ్రామీణ విద్యుత్ ఉపకేంద్రం అనగా దూరము నుండి అధిక వోల్టేజితో వచ్చే విద్యుత్తును తగ్గించి, చుట్టుపక్కల గ్రామాలకు పంచే కేంద్రము. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ పల్లెలలో దీనిని సబ్‌స్టేషను అనే పిలుస్తారు. ఇవి ఎక్కువగా 33/11 కె.వి. స్థాయికి చెందినవి. బోరుబావులపై ఆధారపడిన గ్రామాలలో పొలానికి నీరు ఏ వేళ పారాలన్నది చాలాకాలము సబ్‌స్టేషను వేళలను బట్టే ఉండేది.

పనితీరు

132 కె.వి. కేంద్రము నుండి 33 కె.వి. లైను ఇక్కడికి చేరుతుంది. పవర్ ట్రాన్స్‌ఫార్మరు దానిని 11 కె.వి.కి తగ్గిస్తుంది. అక్కడి నుండి ఫీడర్లు ఊళ్ళకు, పొలాలకు బయలుదేరుతాయి. ఊరిలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు వోల్టేజిని మరల తగ్గించి, మోటార్లకు మూడు ఫేజులలోను, ఇళ్ళకు ఎక్కువగా సింగిల్ ఫేజులోను అందిస్తాయి. లైనుపై చెట్టుకొమ్మ పడినా, తీగ తెగినా బ్రేకరు ట్రిప్ అయి ఆ ఫీడరు ఆగిపోతుంది.

ఆపరేటర్లు షిఫ్టులలో పనిచేస్తూ లోడు, అంతరాయాల వివరాలను లాగ్‌బుక్కులో వ్రాస్తారు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. దీనినే వాడుకలో ఎల్.సి. అంటారు. ఎల్.సి. ఇచ్చిన ఫీడరును, తీసుకున్న వ్యక్తి తిరిగి అప్పగించేవరకు చార్జి చేయరాదు. ఈ నియమములో చిన్న పొరపాటు జరిగినా స్తంభముపై ఉన్న మనిషి ప్రాణము పోతుంది.

వ్యవసాయము

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. అప్పట్లో రోజుకు 7 గంటల సరఫరా లక్ష్యము. అదియును విడతలుగా, కొంత రాత్రిపూట వచ్చేది. చీకటిలో మోటారు వేయడానికి వెళ్ళి పాముకాటుకో, విద్యుదాఘాతానికో గురైన రైతులున్నారు. ఈ బాధ తప్పించుకొనుటకు చాలామంది ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. అయితే కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే అనేక రెట్లు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది కనుక వోల్టేజి పడిపోయి, మోటార్ల వైండింగులు, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. పొట్టదశలో ఉన్న వరికి కొద్దిరోజులు నీరందకపోయినా దిగుబడి దెబ్బతింటుంది. అందువలన రైతుల ధర్నాలు తరచుగా సబ్‌స్టేషను గేటు ముందే జరిగేవి. సరఫరా వేళలు పైనుండి నిర్ణయమైనా, జవాబు చెప్పవలసినవాడు మాత్రము ఆపరేటరే.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా మొదలైనది. మోటార్లు ఆగకుండా నడిస్తే భూగర్భజలాలు అడుగంటుతాయని, ఆటోస్టార్టర్లను తొలగించాలని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చినది.

సిరిసిల్ల సహకార సంఘము

గ్రామీణ పంపిణీలో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘానిది (సెస్) ప్రత్యేక స్థానము. 1970లో మొదలైన ఈ సంఘములో వినియోగదారులే సభ్యులు. పాలకవర్గాన్ని వారే ఎన్నుకుంటారు. వ్యవసాయ మోటార్లతో పాటు సిరిసిల్ల మరమగ్గాలకు కూడా విద్యుత్తు ఈ సంఘము నుండే అందుతుంది.

హైదరాబాదు అంచున

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఒకప్పుడు పల్లెలే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఇక్కడి విద్యుత్ అవసరము స్వరూపమే మారినది. పంట కాలాన్ని బట్టి పెరిగి తగ్గే మోటార్ల లోడు స్థానములో ఏడాది పొడవునా ఏసీలు, కంప్యూటర్ల లోడు వచ్చినది. ఖాళీ స్థలము కరువగుటచే రాయదుర్గములో తక్కువ చోటు సరిపోయే గ్యాస్ ఇన్సులేటెడ్ పద్ధతిలో 400 కె.వి. ఉపకేంద్రము నిర్మించారు. కరెంటు పోతే ఈ ప్రాంతపు కార్యాలయాలలో డీజిల్ జనరేటర్లు మొదలవుతాయి. బోరుబావి దగ్గర సాధారణముగా అటువంటి ఏర్పాటు ఉండదు.