ఎర చేపలకు విసురువల ఎంపిక ఎలా?

పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువులున్న ఓరుగల్లు ప్రాంతంలో కొరమీను గాలానికి పరిగెల వంటి చిరుచేపలు ఎరగా పనికివస్తాయి. వాటిని పట్టేందుకు విసురువల అనువైనది.

వల కన్ను ఎర చేప నడుము కన్నా చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే చేప మొప్పల వద్ద చిక్కి చనిపోతుంది. మరీ సన్నదైతే వల నెమ్మదిగా మునిగి చేపలు తప్పించుకుంటాయి. అంచున సీసపు గుండ్లు సమదూరంలో ఉన్నదీ లేనిదీ పరిశీలించాలి. కొత్తవారికి చిన్న వలే మేలు. నైలాన్ దారం ఎండకు బలహీనపడుతుంది కనుక వలను కడిగి నీడలో ఆరబెట్టాలి.

చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదిలే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2016లో ప్రారంభించింది. సన్నకన్ను వలలో అలా పెంచే బొచ్చె, రవ్వు పిల్లలూ పడతాయి. వాటిని ప్రాణంతోనే నీటిలో వదలాలి. లేనిపక్షంలో మత్స్యకార సహకార సంఘాల సభ్యుల జీవనోపాధికి నష్టం వాటిల్లుతుంది.