గృహవిక్రయ పత్రము: స్వామ్యనిరూపణ చరిత్ర

తెలుగు గద్యచరిత్రను విచారించువారు శాసనములను, వచనకావ్యములను, కైఫీయతులను ఆధారముగ గొనుట పరిపాటి. ఇండ్లలో పెట్టెల యడుగున ఒదిగియున్న క్రయపత్రములకు ఆ గౌరవము అంతగా లభింపలేదు. ఇల్లు కొనునపుడు, అమ్మునపుడు వ్రాయబడు ఈ పత్రములు భాషాచరిత్రకును న్యాయచరిత్రకును సమానముగ ఉపకరించును. ఇల్లు కొనువాడు అడుగవలసిన ప్రశ్నలేవి, వానిని పూర్వు లెట్లడిగిరి, నేటి వ్యవస్థ వానిలో వేనికి బదులు చెప్పుచున్నది, వేనిని కొనువానికే విడిచినది అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

కల్యాణి చాళుక్యచక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని కాలమున (1076-1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. దాని ననుసరించి 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమను పద్యకృతిని తెలుగున వెలయించెను. భూమి ఒకరి నుండి మఱొకరికి సంక్రమించుటకు ఆఱు అంగములను మితాక్షర పేర్కొనుచున్నది: గ్రామస్థుల యనుమతి, జ్ఞాతుల యనుమతి, సామంతుల యనుమతి, దాయాదుల యనుమతి, సువర్ణదానము, జలదానము. ఇచట సామంతులనగా పొరుగువారే కాని మండలాధిపతులు కారు.

ఈ అనుమతులకు విజ్ఞానేశ్వరుడు చెప్పిన కారణములు గమనింపదగినవి. గ్రామానుమతి వ్యవహారము పదిమందికి తెలియుటకు మాత్రమే. అది లేనంతమాత్రమున విక్రయము చెల్లకపోదు. సామంతానుమతి పొలిమేర తగవు రాకుండుటకు. జ్ఞాతులు, దాయాదులు విభక్తులో అవిభక్తులో యను సంశయము మున్ముందు వివాదమునకు దారితీయకుండ వారి సమ్మతిని గైకొనవలెను. ఇక స్థావరమునకు విక్రయము లేదను స్మృతివాక్యమును, భూదానమును ప్రశంసించు వాక్యములను సమన్వయించి, విక్రయమును సైతము సువర్ణజలములతో దానరూపమున నెఱపవలెనని ఆయన నిర్ణయించెను. నేడు తెలుగువారు 'ధారాదత్తము చేసెను' అని వాడు మాటలో ఆ నీటిధార యింకను వినబడుచున్నది.

ఆచారముల నటుంచి చూచిన, ఈ అంగములందు మూడు ప్రశ్నలు నిలుచును. అమ్మువానితో పాటు ఈ ఆస్తిలో ఇంకెవరికి భాగమున్నది? దీని యెల్లలు ఏవి? ఈ విక్రయము లోకమునకు తెలిసినదా?

పత్రరచనకును స్మృతికారులు నియమములు విధించిరి. యాజ్ఞవల్క్యుని ఋణపత్ర ప్రకరణము ననుసరించి, పత్రమున సంవత్సర మాస పక్ష దినములు, ఉభయుల పేర్లు, తండ్రుల పేర్లు ఉండవలెను. బాధ్యుడు తన సమ్మతిని స్వహస్తముతో వ్రాయవలెను. సాక్షులును అట్లే వ్రాయవలెను. తుదకు లేఖకుడు, ఉభయుల కోరికపై తాను వ్రాసితినని తన పేరు చేర్చవలెను. నేటి దస్తావేజు చివరనున్న వ్రాలు, సాక్షులు, వ్రాసినవాని పేరు అను వరుస దాదాపు ఇదియే. బయానాకు తెలుగున గల పాతమాట సంచకారము; ఇది సంస్కృతమున సత్యంకారము. ఉంగరము వంటి వస్తువును బయానాగా నిచ్చినవాడే మాట తప్పినచో దానిని కోల్పోవును. పుచ్చుకొన్నవాడు తప్పినచో రెట్టింపు తిరిగి యీయవలెనని మితాక్షర చెప్పుచున్నది.

పత్రముల భాషయందు మూడు పొరలు కానవచ్చును. మొదటిది శాసనముల పొర. విజయనగరకాలపు దానశాసనములలో నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములను అష్టభోగములు తఱచుగ పేర్కొనబడినవి. రాజు అగ్రహార మిచ్చునపుడు వ్రాసిన ఈ సూత్రమే అనంతరకాలమున రెండుగదుల పెంకుటింటి విక్రయపత్రములోనికిని దిగినది. రెండవది పారసీకారబ్బీ పదముల పొర. హక్కు, హద్దు, వారసుడు, దఖలు, ఖరీదు మున్నగునవి ఇట్టివి. దస్తావేజు అను మాటలోని 'దస్త్' అనగా చేయి. న్యాయస్థానములలో పనిచేసిన సి. పి. బ్రౌను ఇట్టి పదములకై 1854లో ప్రత్యేకముగ మిశ్రభాషా నిఘంటువునే ప్రకటించెను. మూడవది రిజిస్ట్రీ, స్టాంపు, డాక్యుమెంటు మున్నగు ఆంగ్లపదముల పొర. ఒక్క వాక్యములోనే ఈ మూడును కలసియుండుట కద్దు. ఆ వాక్యము మన న్యాయవ్యవస్థల వరుసను తెలుపు చరిత్రపుట యనదగును.

గ్రామము చేసిన ప్రకటనకార్యమును ఆంగ్లపాలనలో కచేరీ గ్రహించెను. మదరాసు రాజధానిలో 1802 నాటి 17వ నిబంధనముచే పత్రముల నమోదునకు ఏర్పాటు జరిగెను. నిజాం పాలనలోని తెలంగాణమునకు ఇది వర్తింపలేదు. నమోదు తొలుత ఐచ్ఛికము. 1864 నాటి చట్టముతో కొన్ని పత్రములకు నిర్బంధమయ్యెను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 54వ సెక్షను, నూఱు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థావరమును రిజిస్టరు పత్రము ద్వారానే విక్రయింపవలెనని విధించెను. కేవలము విక్రయపు ఒప్పందము ఆస్తిలో హక్కు కల్పింపదనియు ఆ సెక్షనే చెప్పుచున్నది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము నేటికిని ఆధారము. సాధారణ అధికారపత్రము, ఒప్పందము, వీలునామా కలిపి నడపు అమ్మకములు స్వామ్యమును బదలాయింపవని సర్వోన్నత న్యాయస్థానము 2011లో సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున నిర్ణయించినది.

ఇచటనే సామాన్యజనుల భ్రమ యొకటి కలదు. రిజిస్టరైన పత్రము చేతనుండిన, ఇల్లు నిస్సంశయముగ తమదైనదని పలువురు తలంతురు. కచేరీ నమోదు చేయునది పత్రమును, స్వామ్యమును కాదు. అమ్మువానికి హక్కున్నదా లేదా యని తేల్చు అధికారము రిజిస్టరు చేయు అధికారికి చట్టము ఈయలేదని సర్వోన్నత న్యాయస్థానము 2025లో స్పష్టముగ చెప్పి, తమిళనాడు నిబంధన యొకదానిని కొట్టివేసినది. హక్కు లేనివాడు వ్రాసిన పత్రము రిజిస్టరైనను, లేని హక్కు కొన్నవానికి రాదు. మితాక్షరలోని మూడు ప్రశ్నలలో కచేరీ మూడవదానికి మాత్రమే బదులు చెప్పుచున్నది. తక్కిన రెండును కొనువాని పాలనే నిలిచినవి.

మొదటి ప్రశ్న కొక యుదాహరణము. ఒక గృహస్థు 1970లో స్వార్జితముతో ఇల్లు కొని, వీలునామా వ్రాయక 1990లో మరణించెననుకొందము. ఇద్దఱు కొడుకులు కలిసి ఆ యింటిని అమ్మజూపుచున్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము వితంతువు, కుమార్తెలు కూడ కొడుకులతో సమానముగ మొదటి తరగతి వారసులు. అయినను పురుషవారసులు పంచుకొనదలచువఱకు నివాసగృహమున భాగము కోరి విడదీయించుకొను హక్కు స్త్రీలకు లేదని 23వ సెక్షను నిరోధించెను. 2005 సవరణ ఆ సెక్షనును తొలగించెను. కావున తల్లి, ఆడపడుచులు వ్రాలు చేయని పత్రము వారి భాగములను కదలింపలేదు. ఎన్‌కంబరెన్సు ధ్రువపత్రమున వెదకినను ఈ సంగతి తెలియదు. దానిలో కానవచ్చునవి రిజిస్టరైన వ్యవహారములే. వారసత్వము, నోటిమాటపై జరిగిన పంపకము దాని కందవు. అసలు పత్రములను ఋణదాత కప్పగించి చేయు తాకట్టును చట్టము గుర్తించుచున్నది. కావున పాతపత్రముల నకళ్లతో తృప్తిపడక అసళ్లనే చూడవలెను.

రెండవ ప్రశ్న యెల్లలది. పత్రమున 'తూర్పు: ఫలానావారి యిల్లు' అని వ్రాయుదురు. ఆ ఫలానావారు నలువది యేండ్ల క్రిందటనే అమ్ముకొని పోయియుండవచ్చును. లేఖకుడు పాతపత్రమును చూచి ఆ పేరే దింపును. కొలతకును హద్దులకును వైరుధ్యము కలిగినచో, స్పష్టముగ గుర్తింపదగిన హద్దులకు ప్రాధాన్యమిచ్చుట న్యాయస్థానములందు సామాన్యసూత్రము. పొరుగువానిని పిలిచి హద్దు చూపించుకొనుట నేడు విధి కాదు. దాని ప్రయోజనము మాత్రము తీఱలేదు.

1882 చట్టము 55వ సెక్షను, కొనువాడు సామాన్యజాగ్రత్తతో కనిపెట్టలేని స్వామ్యలోపము లున్నచో అమ్మువాడు తనకు తెలిసినంతవఱకు వెల్లడింపవలెనని చెప్పును. ఈ హామీ యిచ్చునది అమ్మువాడే కాని ప్రభుత్వము కాదు. ఇంగ్లండులో 1985 నాటి చట్టముతో న్యాయవాదులే కాక, అనుమతి పొందిన బదలాయింపు నిపుణులు కూడ ఈ పని చేయుటకు వీలు కలిగెను. స్వామ్యమును పరీక్షించుట వారి వృత్తిలో ముఖ్యభాగము. మన దస్తావేజు లేఖరి స్మృతికారుడు చెప్పిన లేఖకుని సంతతివాడు: ఉభయులు చెప్పినది వ్రాయుట ఆతని పని, స్వామ్యపరీక్ష ఆతనిది కాదు. స్వామ్యమును ప్రభుత్వమే నిర్ధారించు పద్ధతి దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో టారెన్సు పేర మొదలయ్యెను. ఆ దారిన ఆంధ్రప్రదేశము 2022లో చేసిన భూస్వామ్య చట్టము వివాదాస్పదమై 2024లో రద్దయినది. ప్రశ్న మరల కొనువాని గుమ్మమునకే చేరినది.

కావున పాతపత్రములు వ్యర్థములు కావు. అమ్మువాని హక్కు ఎవరినుండి యెట్లు వచ్చెనో చెప్పు గొలుసులో అవి కడియములు. ఒక కడియము పోయిన గొలుసు తెగును. కొత్తపత్రము వచ్చినదని పాతవానిని పాఱవేయుట, చెదలకు విడుచుట మన యిండ్లలో కద్దు. పరిశోధకవిద్యార్థులు తమ తమ గ్రామములలో వీనిని ప్రతులెత్తి, కాలము, స్థలము, లేఖకుని పేరు, హద్దుల వరుస గుర్తించి భద్రపఱచిన, రెండు శతాబ్దుల వ్యవహారగద్యము మనకు దక్కును. ఆ విద్యార్థులే రేపు ఇల్లు కొనువారు. నిధి నిక్షేపములను సూత్రమును దాటి, ఇంకెవరికి భాగమున్నది, ఎల్లలేవి యని అడుగనేర్చిన, పత్రపఠనము వారికి విద్యగానే కాక రక్షణగా కూడ పరిణమించును.