మేధో వైకల్యం ఉన్న పిల్లల టీకాలు: కార్డులో ఖాళీగా మిగిలే గడులు

బుద్ధిమాంద్యం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లలకు టీకాలు వేయించవచ్చా? మన ఇళ్లలో ఇంకా వినిపిస్తున్న ప్రశ్న ఇది. వేయించాలి. మిగతా పిల్లలకు ఏవి వేస్తారో వీళ్లకూ అవే, ఆ వయసులోనే.

పుట్టినప్పటి నుంచి ఏడాది వరకు వేసే టీకాలు సాధారణంగా తప్పిపోవు, ఎందుకంటే చాలా ఇళ్లలో అప్పటికి వైకల్యం సంగతే తెలియదు. మాట రావడం లేదని తెలిశాక థెరపీలు, ఆసుపత్రులు, మొక్కులు మొదలవుతాయి. కార్డు బీరువాలోకి పోతుంది. 16–24 నెలల మధ్య వేయాల్సిన రెండో తట్టు-రుబెల్లా, మొదటి డీపీటీ బూస్టర్, 5–6 ఏళ్లకు రెండో బూస్టర్, 10, 16 ఏళ్లకు టీడీ: ఖాళీగా మిగిలేవి ఎక్కువగా ఈ గడులే. టీడీని చాలాచోట్ల బడిలోనే వేస్తారు. బడికి వెళ్లని బిడ్డకు అది ఎవరూ గుర్తుచేయరు.

ఆలస్యమైతే మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టరు, ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు. కానీ ప్రభుత్వ పట్టికలో వయసు హద్దులున్నాయి. తట్టు-రుబెల్లా 5 ఏళ్ల లోపు, డీపీటీ 7 ఏళ్ల లోపు వేస్తారు. ఆ తర్వాత డీపీటీ బదులు టీడీ ఇస్తారు.

భయాల్లో పెద్దది మూర్ఛ. మందులతో అదుపులో ఉన్న మూర్ఛ, స్థిరంగా ఉన్న సెరిబ్రల్ పాల్సీ టీకాకు అడ్డు కావు. జ్వరం వస్తే ఫిట్స్ వచ్చే పిల్లలైతే ఆ మాట ముందే నర్సుకు చెప్పాలి. రోజూ వేసే మందు ఆ రోజూ మానకూడదు. ఫిట్స్ ఇంకా అదుపులోకి రాకపోతే, నరాల జబ్బు ముదురుతూ ఉంటే, వెనకటి డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం డాక్టరు చూసి నిర్ణయించాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకు తట్టు-రుబెల్లా లాంటి సజీవ టీకాల విషయంలోనూ అంతే. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు ఎక్కువ కాబట్టి న్యుమోనియా టీకా వాళ్లకు మరింత ముఖ్యం. హాస్టల్లోనో సంరక్షణ గృహంలోనో ఉండే పిల్లలకు హెపటైటిస్ బి డోసులన్నీ పూర్తయ్యాయో లేదో చూడండి. అలాంటి చోట్ల అది సులువుగా పాకుతుంది.

టీకా వల్ల ఆటిజం వస్తుందన్న మాట 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసంతో మొదలైంది. అందులో చూసింది 12 మంది పిల్లలనే. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి సంబంధమేదీ కనిపించలేదు. వాట్సాప్‌లో మాత్రం మొదటి కథే తిరుగుతోంది.

మనలాంటి కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది. కార్డు మీద తమిళంలో తడుప్పూసి అనో, కన్నడంలో లసికె అనో, మరాఠీలో లస అనో ఉంటుంది. పెద్దవాళ్లం ఎలాగో సర్దుకుంటాం. కానీ మేధో వైకల్యం ఉన్న బిడ్డకు చాలాసార్లు ఇంట్లో వినే తెలుగు మాటలే అర్థమవుతాయి. నర్సు తమిళంలోనో కన్నడంలోనో "చెయ్యి కదపకు" అంటే ఆ బిడ్డకు అది ఒట్టి శబ్దం. కాబట్టి బిడ్డతో ఎక్కువ మాట్లాడే మనిషే, అది అమ్మమ్మయినా సరే, వెంట వెళ్లాలి. ముందురోజే బొమ్మకు సూది వేసినట్టు ఆడి చూపించండి. నొప్పి ఉండదని అబద్ధం చెప్పొద్దు, మరుసటిసారి ఆ గుమ్మం ఎక్కరు. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అయిపోయాక ఇంటికి పోదాం" అంటే చాలు. నలుగురు కలిసి అదిమి పట్టడం కంటే ఒకరు ఒళ్లో కూర్చోబెట్టుకుని పట్టుకోవడం మేలు.

రద్దీలో గంటల తరబడి కూర్చోలేని పిల్లలుంటారు. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 25 ప్రకారం వైకల్యం ఉన్నవారికి వైద్యంలో ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ సెక్షన్ పేరు చెప్పి ముందు పిలవమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. యూడీఐడీ కార్డు ఉంటే చేతిలో ఉంచుకోండి.

టీకా తర్వాత అరగంట అక్కడే ఆగాలి. మాట రాని బిడ్డ నొప్పిని చెప్పలేదు. తిండి మానడం, ఆ చెయ్యి వాడకపోవడం, ఊరికే విసుక్కోవడమే వాళ్ల చెప్పే తీరు. ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోయినా, జ్వరం బాగా ఎక్కినా, ఫిట్స్ వచ్చినా అదే కార్డుతో డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కార్డు పోయిందా? బిడ్డ పుట్టిన తేదీ చెప్పి, టీకాలు వేసిన ఆరోగ్య కేంద్రంలో రిజిస్టరు చూడమని ఆశా కార్యకర్తను అడగండి.